తాతగారి లైకా, మామయ్యగారి గద్ద బొమ్మ, ఒక మడత కొడాక్

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో తిరిగి చెబుతాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీ తాతగారు, అంటే మీ అమ్మగారి నాన్నగారు, మద్రాస్ శాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో చేరి ఇటలీ యుద్ధరంగంలో పనిచేసి 1946లో కాకినాడకు తిరిగి వచ్చారు. ఇటీవల మీ అమ్మమ్మగారు పోయిన తరువాత ఇంట్లో ట్రంకుపెట్టె తెరిస్తే మూడు కెమెరాలు, ఒక బిస్కట్ల డబ్బా నిండా నెగటివులు, ఒక ఇటలీ స్టార్ పతకం, కొన్ని సైన్యం కాగితాలు బయటపడ్డాయి. కెమెరాల్లో ఒకటి ఏ అలంకారమూ లేని లైకా. దాని నంబరు 387తో మొదలవుతుంది, పైన ఉన్న గుండ్రటి మీట తిరగడం లేదు. రెండవది గద్ద బొమ్మ, నాజీల స్వస్తిక, జర్మన్ వైమానిక దళమైన లుఫ్ట్‌వాఫె పేరు చెక్కిన ‘లైకా’. దాన్ని మీ పెద్దమామయ్యగారు 1992లో మాస్కోలోని ఇజ్మయిలోవో సంతలో కొన్నారు. మూడవది మడతపెట్టే కొడాక్ మానిటర్, అదీ ఇటలీ నుంచే వచ్చిందని మీ ఇంట్లో చెప్పుకుంటారు. గద్ద ఉన్నదే లక్షలు పలుకుతుందని మామయ్యగారు అంటున్నారు, తిరగని లైకాను తుక్కు కింద లెక్క వేశారు, ఊళ్లో ఒక మెకానిక్ దానికి నూనె వేసి ఇస్తానన్నారు. ఏది విలువైనదో, ఎలా కాపాడుకోవాలో, అమ్మగారూ ఇద్దరు మామయ్యలూ ఎలా పంచుకోవాలో మీరు అడిగారు.

మీరు పంపిన వివరాలను బట్టి, మామయ్యగారి అంచనా తలకిందులుగా ఉందని నా గట్టి నమ్మకం. తుక్కు అనుకుంటున్నదే అసలు వస్తువు, గద్ద ఉన్నది రష్యన్ కెమెరాకు వేసిన వేషం. ముప్పై ఏళ్లుగా ఇలాంటి పెట్టెలు తెరుస్తున్న ఇళ్లకు వెళ్లి చూసిన అనుభవంతో చెబుతున్నాను. చెక్కడం ఎంత ఎక్కువగా ఉంటే అనుమానం అంత పెంచుకోవాలి.

ఈ వేషం ఎలా మొదలైందో కొంచెం చెప్పాలి. జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణంలో ఉన్న ఎర్న్‌స్ట్ లైట్జ్ సంస్థలో ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా 1925లో లైప్‌జిగ్ వసంత సంతలో మార్కెట్‌లోకి వచ్చింది. 1932లో వచ్చిన లైకా 2లో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌ను కెమెరా శరీరంలోనే అమర్చారు. ఆ నమూనానే చూసి, సోవియట్ ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో, విద్యావేత్త మకరెంకో నడిపిన అనాథ బాలల కమ్యూన్‌లో 1934 నుంచి ‘ఫెడ్’ అనే కెమెరా తయారు చేయడం మొదలుపెట్టారు. ఫెలిక్స్ ఎద్మూందొవిచ్ జెర్జిన్‌స్కీ అనే సోవియట్ రహస్య పోలీసు అధిపతి పేరులోని మొదటి అక్షరాలే ఫెడ్ అయ్యాయి. యుద్ధంలో ఆ ఫ్యాక్టరీని సైబీరియాలోని బెర్ద్‌స్క్‌కు తరలించారు. 1948 నుంచి మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్‌లో అదే కెమెరాను జోర్కీ అనే పేరుతో లక్షల సంఖ్యలో చేశారు. సోవియట్ యూనియన్ కూలిపోతున్న రోజుల్లో, డాలర్లతో వచ్చే విదేశీయుల కోసం ఈ ఫెడ్, జోర్కీల మీది రష్యన్ అక్షరాలను చెరిపి, లైకా పేరు, గద్దలు, 1936 ఒలింపిక్స్ గుర్తులు చెక్కి, కొన్నింటికి బంగారు పూత, పాము చర్మం కూడా అంటించి అమ్మేవారు. 1992, మాస్కో, ఇజ్మయిలోవో అని మీరు రాసిన వాక్యం చదవగానే నాకు మిగతాది దాదాపు అర్థమైపోయింది.

అయినా ఊహ మీద ఆధారపడనక్కరలేదు, మీరే అయిదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. రెండు కెమెరాలను పక్కపక్కన పెట్టి వెనక నుంచి చూడండి. కన్ను పెట్టి చూసే కిటికీలు రెండు ఉంటాయి, ఒకటి దూరం కొలవడానికి, ఒకటి దృశ్యం చూడడానికి. ఫెడ్, జోర్కీల్లో ఆ రెండూ ఒకదానికొకటి దూరంగా ఉంటాయి, మీ తాతగారిది నంబరును బట్టి లైకా 3సి అనే నమూనా, అందులో అవి ఆనుకుని ఉంటాయి. తరువాత పైన ఉన్న వేగాల చక్రం చూడండి. 3సిలో 1000 అనే అంకె ఉంటుంది, ఫెడ్, జోర్కీలు మామూలుగా 500 దగ్గర ఆగిపోతాయి. ముందువైపు, లెన్సు పక్కన, నెమ్మది వేగాలకు ఒక చిన్న చక్రం 3సిలో ఉంటుంది. నకిలీల్లో అది ఉండదు, లేదా పని చేయని ఉత్త బిళ్లను అక్కడ బిగించి ఉంటారు. అన్నింటికంటే నమ్మదగిన గుర్తు లోపల ఉంది. గద్ద ఉన్నదాని లెన్సును మెల్లగా మరతిప్పి తీసి, పైభాగంలో చూస్తే లెన్సు కదలికను రేంజ్‌ఫైండర్‌కు అందించే చిన్న చెయ్యి కనిపిస్తుంది. లైకాలో దాని కొస గుండ్రటి చక్రంలా ఉంటుంది, రష్యన్ కెమెరాలో కన్నీటి చుక్క ఆకారంలో, కొస తేలిన ఇనుప ముక్కలా ఉంటుంది. పైన ఏం చెక్కినా లోపల ఈ ముక్కను మార్చే శ్రమ ఎవరూ తీసుకోరు.

ఇందులో మామయ్యగారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆ సంతలో మోసపోయిన జర్మన్లు, అమెరికన్లు ఎందరో ఉన్నారు. పైగా ఆ కెమెరా నకిలీ లైకానే తప్ప పనికిరాని వస్తువు కాదు, లోపల ఉన్నది ఫొటోలు తీయగల మంచి యంత్రం. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. రష్యన్ కెమెరాల్లో షటర్ (ఫిల్ము మీదకు వెలుగును వదిలే తెర) బిగించిన తరువాతే వేగం మార్చాలి, ముందే మారిస్తే లోపలి పుల్ల దెబ్బతినవచ్చు. గద్ద, స్వస్తిక ఉన్న వస్తువులను అమ్మకానికి పెట్టడానికి చాలా అంతర్జాల అంగళ్లు ఒప్పుకోవు. జర్మనీలో శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ కింద ఆ గుర్తుల బహిరంగ ప్రదర్శన నేరం, అందుకే అక్కడి వేలంపాటల జాబితాల్లో ఆ భాగాన్ని కప్పి ముద్రిస్తారు.

ఇక తాతగారి లైకా దగ్గరకు వద్దాం, ఇది తీరికగా మాట్లాడుకోవలసిన వస్తువు. 3సి నమూనా 1940లో వచ్చింది. అంతకుముందు రేకు ముక్కలను అతికించి చేసిన శరీరానికి బదులు దీనికి పోతపోసిన చట్రం వాడారు, అందుకే ఇది పాతవాటి కంటే 3 మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా పొడవు పెరిగింది. యుద్ధకాలపు 3సిల నంబర్లు 360 వేలతో మొదలై 397 వేల దాకా వెళతాయి, 400 వేలు దాటినవి యుద్ధం తరువాతివి. 387తో మొదలయ్యేది 1942-43 ప్రాంతానికి చెందుతుంది. ఆ రోజుల్లో చేసిన వాటిలో కొన్నింటికి బూడిదరంగు పూత వేశారు. కొన్నింటి షటర్ తెర గుడ్డకు ఎర్రని పొర కనిపిస్తుంది. సైన్యానికి వెళ్లిన కొన్నింటిలో షటర్ భాగాలకు బాల్ బేరింగులు వాడి, నంబరు చివర ‘కె’ అనే అక్షరం చెక్కారు. మీ నంబరు చివర అక్షరం ఏదైనా ఉందేమో భూతద్దంతో చూడండి. లేకపోయినా నిరాశపడకండి. పౌరుల కోసం, ఎగుమతి కోసం కూడా యుద్ధంలో లైకాలు తయారయ్యాయి, అక్షరం లేనంత మాత్రాన అది యుద్ధకాలపుది కాకుండా పోదు.

ఇటలీలో ఉన్న భారతీయ సైనికుడి చేతికి జర్మన్ కెమెరా ఎలా వచ్చిందని మీరు అడిగారు. 8వ భారత డివిజన్ 1943 సెప్టెంబరులో టరాంటో రేవులో దిగింది. 4వ డివిజన్ 1944 ఫిబ్రవరిలో మోంటే కసీనో కొండల మీద పోరాడింది. 1945 మే 2న ఇటలీలోని జర్మన్ సేనలు లొంగిపోయాయి. ఆ నెలల్లో లొంగిపోయిన సైనికుల దగ్గర, ఆకలితో ఉన్న పట్టణాల్లో, కెమెరాలు సిగరెట్లకూ డబ్బా తిండికీ చేతులు మారాయి. కొన్ని బలవంతంగా కూడా లాక్కున్నవే. మీ తాతగారి చేతికి ఏ దారిన వచ్చిందో కాగితం దొరికితే తప్ప ఎవరూ చెప్పలేరు, అందుకే కల్పించి చెప్పుకోకండి. ‘రోమెల్ అధికారి దగ్గర నుంచి’ వంటి మాట ఒక్కసారి ఇంట్లో పుడితే తరువాతి తరం దాన్ని నిజమనే అచ్చు వేస్తుంది. అమ్మగారికీ మామయ్యలకూ చిన్నప్పుడు విన్నదేమిటో, ఎవరి నోట విన్నారో, ఉన్నది ఉన్నట్టు, తేదీ వేసి, ముగ్గురూ సంతకం చేసి రాసి పెట్టండి. నా దృష్టిలో ఈ పని కెమెరాను తుడవడం కంటే ముందు జరగాలి.

మీట తిరగడం లేదన్నది మిమ్మల్ని భయపెట్టినట్టుంది, కానీ అది చాలాసార్లు జబ్బు కాదు. పాత లైకాలో షటర్ ఇప్పటికే బిగించి ఉంటే మీట తిరగదు, అది అలా చేసిందే. ఫిల్ము చివరి దాకా వచ్చేసినా తిరగదు. కాబట్టి పట్టకారు మాటే ఎత్తకండి. ఎడమవైపున ఉన్న, ఫిల్మును వెనక్కి చుట్టే మీటను బాణం గుర్తు వైపు రెండు వేళ్లతో మెల్లగా తిప్పి చూడండి. వదులుగా గిరగిరా తిరిగితే లోపల ఫిల్ము లేనట్టు. కొంచెం తిరిగి మెత్తగా అడ్డం తగిలితే ఫిల్ము ఉన్నట్టే. అప్పుడు చెయ్యి తీసేయండి, అడుగు పలక అసలు తెరవకండి. ఈ కెమెరాలకు వెనక తలుపు ఉండదు, ఫిల్ము కిందనుంచి ఎక్కిస్తారు. పగటి వెలుగులో ఆ పలక తీసిన క్షణంలో డెబ్బై, ఎనభై ఏళ్లుగా చీకట్లో నిలిచిన బొమ్మలు మాసిపోతాయి. నలుపు-తెలుపు ఫిల్ము మీద పడిన బొమ్మ, కడగకుండానే, దశాబ్దాల తరువాత కూడా బయటపడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. నలుపు-తెలుపు పని తెలిసినవారి చేత, చీకటి గదిలో లేదా చీకటి సంచిలో తీయించాలి. ముందుగా ఆ ఫిల్ము వయసు చెప్పాలి. పాత ఫిల్ము మీద మసకను తక్కువగా ఉంచే హెచ్‌సి-110 వంటి డెవలపర్ (ఫిల్ము కడిగే మందు) వాడమని అడగండి. రంగుల ఫిల్ములు కడిగే యంత్రంలో వేయనివ్వకండి. 1951కి ముందు నాటి ఫిల్ముల్లో కొన్ని నైట్రేట్ రకానివి, అవి సులువుగా అంటుకుంటాయి. బిస్కట్ల డబ్బాలోని నెగటివులు జిగటగా, గోధుమరంగులోకి మారి, ఘాటైన ఆమ్లపు వాసన వేస్తుంటే దీపానికీ స్కానర్ వేడికీ దూరంగా, గాలి ఆడే చోట విడిగా ఉంచండి. పులిసిన సిర్కా (వెనిగర్) వాసన వేస్తే అది అసిటేట్ రకం. అది నైట్రేట్‌లా సులువుగా మండదు కానీ ముడుచుకుపోతుంది, త్వరగా కాపీ చేయించాలి.

నూనె గురించి నేను కొంచెం కటువుగానే చెబుతాను. షటర్ తెరలు రబ్బరు పూసిన పలుచని గుడ్డ. కుట్టుమిషను నూనె చుక్క లోపలికి వెళితే ఆ గుడ్డ మీదకూ, లెన్సు అద్దాల మీదకూ పాకుతుంది. ఇలాంటి కెమెరాకు కావలసింది పాత గట్టిపడిన గ్రీజును పూర్తిగా కడిగి, వేగాలు సరిచూసి, అవసరమైతే తెరలు మార్చగల మనిషి, అలాంటివారు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. వారు దొరికేదాకా కెమెరా అలాగే ఉన్నా నష్టం లేదు. తుడవడం గురించి కూడా నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం నా చేతికి ఒక సుమ్మార్ లెన్సు వచ్చింది. 1930ల నాటి ఆ లెన్సు ముందు అద్దం చాలా మెత్తనిదని అప్పటికి నాకు తెలియదు. చొక్కా అంచుతో రెండుసార్లు గుండ్రంగా రుద్దాను, మరకలు పోయాయి. ఆ సాయంత్రం దీపం కింద పక్కకు వంచి చూస్తే అద్దమంతా దోసెపెనం గీకినట్టు సన్నని గీతలు. ఆ లెన్సు నా దగ్గరే ఉంది, దానితో వెలుగుకు ఎదురుగా ఏం తీసినా పొగమంచు కమ్మినట్టే వస్తుంది. మీ లెన్సు మీది దుమ్మును రబ్బరు బంతి గాలితో ఊది వదిలేయండి. లెన్సుకు మూత ఎప్పుడూ ఉంచండి, ఎందుకంటే కిటికీ దగ్గర ఎండకు ఎదురుగా పెడితే లెన్సు భూతద్దంలా పనిచేసి వెనకున్న గుడ్డ తెరకు చిల్లు పెడుతుంది.

కాకినాడ గాలిలో మీ అసలు శత్రువు తేమ. తోలు సంచి చూడడానికి అందంగా ఉన్నా కెమెరాను అందులో ఉంచకండి, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, ఇత్తడి భాగాలకు ఆకుపచ్చని చిలుము పట్టిస్తుంది, లెన్సులో బూజుకు గూడు కడుతుంది. సంచిని పారేయకుండా పక్కన విడిగా ఉంచి, కెమెరాలను గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. వీలైతే తేమను 40-50 శాతం దగ్గర నిలిపే డ్రై క్యాబినెట్ కొనండి. నెగటివులను కెమెరాలతో ఒకే డబ్బాలో పెట్టవద్దు.

కొడాక్ విషయంలో మీ ఇంటి కథను కాస్త సరిచేయవలసి వస్తోంది. ఆ కాలపు అమెరికన్ కొడాక్ మంచి లెన్సుల నంబరుకు ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, అవి తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. ‘కేమెరోసిటీ’ అనే పది ఇంగ్లీషు అక్షరాల మాట దానికి తాళంచెవి. సి అంటే 1, ఏ అంటే 2, ఎమ్ 3, ఇ 4, ఆర్ 5, ఓ 6, ఎస్ 7, ఐ 8, టి 9, వై సున్నా. మీ లెన్సు మీద ‘ఇ ఓ’ అని ఉందన్నారు, అంటే 46. కాబట్టి ఇది ఇటలీ నుంచి వచ్చింది కాదు, యుద్ధం ముగిశాక తయారైన లెన్సు. తాతగారు ఇంటికి వచ్చిన తరువాత ఎప్పుడో కొని ఉంటారు. దీనికి డబ్బు విలువ తక్కువే, వాడుకోవడానికి మాత్రం మంచిది. ఇది 620 ఫిల్ము కెమెరా. ఆ ఫిల్మును కొడాక్ 1995లో ఆపేసింది. ఇప్పుడు దొరికే 120 ఫిల్ము అదే వెడల్పు, కాకపోతే దాని కండె లావు. చీకటిలో 120ని పాత 620 కండె మీదకు చుట్టుకుంటే సరిపోతుంది, కనుక లోపల ఉన్న పాత కండెలను పొరపాటున కూడా పారేయకండి. లెన్సుకూ పెట్టెకూ మధ్య ఉన్న మడతల సంచిలో చిల్లులున్నాయేమో, చీకటి గదిలో లోపల టార్చి వెలిగించి చూడండి.

తిరిగి లైకాకు వస్తే, అది నిజంగా తాతగారు వాడినదేనని నిరూపించే దారి ఒకటి ఉంది, నాకు ఈ వ్యాపకంలో అన్నింటికంటే ఇష్టమైన పని అదే. ఫిల్ముకు ఎదురుగా, బొమ్మ హద్దులు గీసే 24×36 మిల్లీమీటర్ల లోహపు చట్రం ప్రతి కెమెరాలోనూ కొంచెం తేడాగా ఉంటుంది. ఒక మూల చిన్న గరుకు, ఒక అంచున నువ్వుగింజలో సగమంత నొక్కు, ఇలా. ఆ కెమెరాతో తీసిన ప్రతి నెగటివు అంచునా ఆ గుర్తు అదే చోట పడుతుంది. సర్వీసు తరువాత మీరు ఒక కొత్త ఫిల్ము తీసి కడిగించి, దాని నెగటివులను డబ్బాలోని 35 మిల్లీమీటర్ల పాత నెగటివుల పక్కన భూతద్దం కింద పెట్టండి. గుర్తు కలిస్తే ఆ పాత బొమ్మలను తీసినది ఈ కెమెరాయే. ఒకసారి ఒక కుటుంబం కోసం ఇలా చూస్తే, కింది ఎడమ మూలన ఉన్న చిన్న పంటిగాటు 1940ల నాటి పెళ్లి బొమ్మల్లోనూ, అంతకు వారం ముందు నేను వరండాలో తీసిన మందారం బొమ్మలోనూ ఒకే చోట కనిపించింది. అందువల్ల సర్వీసు చేసే మనిషికి ఆ చట్రాన్ని రుద్దడం, అరగదీయడం చేయవద్దని ముందే చెప్పండి. కొత్త ఫిల్ము ఎక్కించేటప్పుడు దాని మొదలును కత్తెరతో దాదాపు 10 సెంటీమీటర్ల పొడవున సగం వెడల్పుకు కత్తిరించాలి, లేకపోతే కిందనుంచి ఎక్కించే ఈ కెమెరాలో అది తెర దగ్గర ఇరుక్కుంటుంది.

ధర విషయంలో ఒక్క మాట. 2022 జూన్‌లో వెట్జ్‌లార్ వేలంపాటలో 105 నంబరు లైకా 1.44 కోట్ల యూరోలకు పోయినప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ కోట్ల లెక్కలు మొదలయ్యాయి. అది 1920ల తొలి నమూనాల్లో ఒకటి, సాక్షాత్తు బార్నాక్ వాడినది. మీదానితో దానికి పోలిక లేదు. మామూలు 3సి ధర దాని స్థితి మీద, సైన్యపు గుర్తు నిజమైనదా కాదా అన్నదాని మీద, కాగితాల మీద ఆధారపడుతుంది. కాగితాలు, నెగటివులు, పతకం కలిసి ఉన్న కెమెరాకూ, ఒంటరి కెమెరాకూ మధ్య ఉన్న తేడా మీరు అనుకునేదానికంటే పెద్దది. విదేశాలకు పంపే ఆలోచన ఉంటే, 1972 నాటి పురావస్తువుల చట్టం 100 ఏళ్లు నిండిన వస్తువుల గురించి చెబుతుంది కనుక మీ మూడూ ఇంకా దాని పరిధిలోకి రావు. సర్వీసుకు పంపినా సరే, తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్‌కు చూపడానికి నంబరు కనిపించే ఫొటోలు, పంపిన రసీదులు దాచుకోండి.

పంపకం మీ ఇంటి విషయం, అయినా అడిగారు కనుక చెబుతున్నాను. అమ్మమ్మగారు వీలునామా రాయకపోతే మీ అమ్మగారికి మామయ్యలతో సమానమైన వాటా ఉంటుంది. అలాగని మనిషికొక కెమెరా అని మూడు ముక్కలు చేయకండి. లైకా, నెగటివుల డబ్బా, పతకం, సైన్యం కాగితాలు ఒకే కట్టగా ఒకరి దగ్గర ఉండాలి, మిగిలిన ఇద్దరికీ నెగటివుల స్కానులు, అచ్చులు అందాలి. గద్ద బొమ్మ ఉన్నది పెద్దమామయ్యగారిదే, ఆయన సొంత డబ్బుతో కొన్నది, అది అసలు ఈ లెక్కలోకి రాదు. నకిలీ అన్న సంగతి ఆయనకు మీరు కాకుండా అమ్మగారు చెబితే బాగుంటుందేమో.

ఇప్పటికి మీరు నాకు మూడు ఫొటోలు పంపండి. రెండు కెమెరాలూ పక్కపక్కన వెనకనుంచి ఒకటి, గద్ద ఉన్నదాని లెన్సు తీసి లోపలి చెయ్యి కనిపించేలా ఒకటి, తాతగారి లైకా పైభాగం నంబరుతో సహా దగ్గరనుంచి ఒకటి. లైకా లెన్సు మాత్రం తీయకండి, లోపల ఫిల్ము ఉందో లేదో తేలేదాకా ఆ కెమెరా మూతతో, చీకట్లో, మెకానిక్‌కు అందకుండా ఉండాలి.